సిగరెట్ మానేసి వేప్‌కి మారాను, కాయిల్ దగ్గర ఇరుక్కుపోయాను
మాంచెస్టర్‌లో ఉంటాను. పన్నెండేళ్లు రోజుకో పెట్టె కాల్చి, 4 నెలల క్రితం వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి మారాను. మానడానికని మొదలుపెట్టింది కాస్తా సరదా అయిపోయింది. ఆదివారం వస్తే లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్ కోసం కాంతల్ అనే లోహపు తీగ చుట్టుకుంటూ, లిక్విడ్‌ని పీల్చే దూది కత్తిరించుకుంటూ కూర్చుంటున్నాను. మా ఆవిడ దీన్ని కంసాలి పని అంటోంది.

కాయిల్ 0.5 ఓం, 30 వాట్లు, 70 శాతం వీజీ (చిక్కగా ఉండే వెజిటబుల్ గ్లిజరిన్) లిక్విడ్. రెండు దమ్ములు బాగానే ఉంటాయి, వెంటనే మూడోది లాగితే గొంతులో మాడు వాసన. దూది ఎక్కువ కూరుతున్నానా, లిక్విడ్ చిక్కనై అందడం లేదా?

ఇంకొకటి. సంక్రాంతికి గుంటూరు వస్తున్నాను. 2019 చట్టంతో ఇండియాలో ఈ-సిగరెట్ల దిగుమతి, అమ్మకం నిషేధం కదా, సామానంతా ఇక్కడే వదిలేస్తాను. ఆ మూడు వారాలు మా బావమరిది సిగరెట్ పెట్టె మీదికి చేయి పోతుందేమోనని టెన్షన్. నికొటిన్ గమ్‌తో నెట్టుకొచ్చినవాళ్లుంటే, 2 ఎంజీ సరిపోయిందా, 4 కావాల్సి వచ్చిందా, కాస్త చెప్పండి.