ఫైకస్ బోన్సాయ్‌కి పిండినల్లి: ఆకు మాడకుండా వదిలించడం ఎలా?

మిద్దెతోట (విజయవాడ): నా ఫైకస్ (మర్రి, రావి జాతి) బోన్సాయ్ కొమ్మల పంగల్లోనూ ఆకుల అడుగునా పిండినల్లి దూదిలా పట్టింది. దుకాణంలో చెప్పినట్లే వేపనూనెను గిన్నెలు తోమే ద్రవంతో కలిపి ఉదయం పది గంటలకు పిచికారీ చేశాను. ఆకుల అంచులు మాడి రాలిపోతున్నాయి, పురుగు మాత్రం అలాగే ఉంది. ఈ మే నెల ఎండల్లో మిగిలిన ఆకులను ఎలా కాపాడుకోవాలి?

వేపనీడ (రాజమహేంద్రవరం): ఇందులో వేపనూనె తప్పేమీ లేదు. గిన్నెల ద్రవం ఆకు మీది మైనపు పొరను కరిగిస్తుంది. దానిపై నూనె పత్రరంధ్రాలను కప్పేస్తే, ఎండలో ఆకు తన వేడిని తగ్గించుకోలేక మాడిపోతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కుంకుడు రసంతో బాగా చిలికి, ముందుగా కుండీకి నిండుగా నీరు పోసి, పొద్దు వాలాకనే కొట్టాలి. అదైనా మొదట ఒక్క రెమ్మ మీద కొట్టి, రెండు మూడు రోజులు గమనించాలి.

పచ్చరెమ్మ: జునిపర్ (దేవదారు వంటి చెట్టు) బోన్సాయ్ ఉన్నవారు నూనె జోలికి వెళ్లకండి, ఆకుల మీది నీలి పూత పోతుంది.

నల్లమట్టి (హైదరాబాద్): ఆకును కాపాడాలన్నది ప్రశ్న అయితే, ఆకు మీద ఏదో ఒకటి చల్లమనే సలహాలే ఎందుకు వస్తున్నాయో నాకు అర్థం కావడం లేదు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందును సీసాపై సూచించిన మోతాదులో కుండీ మట్టిలో పోస్తే, వేర్లు దానిని పీల్చుకుని రసంలోకి పంపుతాయి. ఆ రసం తాగిన పిండినల్లి చస్తుంది, ఆకు మీద చుక్కయినా పడదు.

వేపనీడ: ఆ మందు తేనెటీగలకు ప్రమాదకరం. ఎర్రనల్లి మీద పని చేయదు సరికదా, దాన్ని పెంచిన సందర్భాలూ ఉన్నాయి.

నల్లమట్టి: అడిగినది పిండినల్లి గురించి, ఎర్రనల్లి గురించి కాదు. ఫైకస్ పువ్వులు కాయ లోపలే ఉంటాయి, వాటి కోసం తేనెటీగ రాదు.

వేపనీడ: పువ్వుకు రాకపోవచ్చు, కానీ పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలతో పాటు ఎన్నో పురుగులు వస్తాయి, ఆ జిగురులోనూ మందు ఉంటుంది. పైగా పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్లలు కూడా తెల్లగా, పిండినల్లిలాగానే కనిపిస్తాయి. వాటిని పోల్చుకోలేక చంపుకునేవారే ప్రతిసారీ మందు కావాలంటారు.

నల్లమట్టి: నాకు పురుగును పోల్చుకోవడం రాదని అనకండి. కిందటేడు మొక్కలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే మార్పిడిలో, వేపనూనెతోనే పెంచామని గొప్పగా చెప్పి ఒకరిచ్చిన చెట్టు వేళ్ల మధ్య పిండినల్లి ఉంది. అది నా కుండీలన్నింటికీ పాకింది. నేను చిన్న మొక్క నుంచి పెంచిన చింత చెట్టు ఎండిపోయింది. నాలుగు పురుగులుంటే ఏమవుతుందని మీరు అనగలరు, నేను అనలేను.

వేపనీడ: అంటే మన వాదన నూనె గురించి కాదన్నమాట. మీకు ఒక్క పురుగు కూడా మిగలకూడదు. నా మిద్దె మీద నాలుగు మిగిలితే, వాటిని తినే పురుగులు కూడా నిలుస్తాయి. పక్కన చెట్లు లేని బాల్కనీలో మీ మాటకు బలం ఉందని ఒప్పుకుంటాను, కానీ అందరికీ అదే మందు రాయడాన్ని ఒప్పుకోను.

కొత్తచిగురు: ఉన్నది ఒక్క చెట్టే కదా, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో పురుగు మీద మాత్రమే అద్దండి. ఆ మైనపు పిండి కరిగితేనే పైన కొట్టే మందు బాగా లోపలికి దిగుతుంది. గుడ్ల నుంచి పిల్లలు మళ్లీ వస్తాయి కనుక వారానికోసారి చూడాలి.

మిద్దెతోట: ఆ పని సాయంత్రమే మొదలుపెడతాను. ఇంట్లో పసిపిల్ల ఉంది, కుండీ అందుబాటులోనే ఉంటుంది కనుక మట్టిలో మందు పోయను. ఆకులు కోలుకునే వరకు చెట్టును మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచుతాను.

నల్లమట్టి: సరే, అలాగే చేయండి. అయితే మట్టిగడ్డ అంచును ఒకసారి పైకెత్తి, వేళ్ల మీద తెల్లని పొడి ఉందేమో చూడండి. వేళ్లకు కూడా పట్టి ఉంటే దూదిపుల్ల చాలదు. కొత్త చిగుళ్లు శుభ్రంగా వచ్చేదాకా దానిని ఇతర కుండీల పక్కన పెట్టకండి, మార్పిడికి అసలే తేకండి.