1872 తేయాకు పందెం: కటీ సార్క్ ఓడినట్టా, గెలిచినట్టా?

తెరచాప:
1872 జూన్‌లో కటీ సార్క్, థర్మోపిలే అనే తెరచాప ఓడలు రెండూ తేయాకు నింపుకుని షాంఘై నుంచి లండన్‌కు బయలుదేరాయి. థర్మోపిలేకు 115 రోజులు పట్టింది, కటీ సార్క్‌కు 122. అయినా అసలు విజేత కటీ సార్కేనని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. దాదాపు 400 నాటికల్ మైళ్ల ముందున్నప్పుడు చుక్కాని ఊడిపోయింది కాబట్టి ఆ ఓటమి లెక్కలోకి రాదట. చుక్కాని ఓడలో భాగం కాదా? సముద్రంలో తుఫాను రాకుండా ఉంటుందా?

వడ్రంగిమనవడు:
తెరచాప గారూ, రోజుల లెక్కలో మీదే పైచేయి. కానీ చుక్కాని ఊడిన ఆ వారం కటీ సార్క్‌లో ఎలా గడిచిందో చూడండి. యజమాని జాన్ విల్లిస్ సోదరుడు ఓడలోనే ఉన్నాడు. దగ్గర్లోని రేవుకు పోనిమ్మని కెప్టెన్ మూడీతో గొడవపెట్టుకున్నాడు. మూడీ వినలేదు. వడ్రంగి హెన్రీ హెండర్సన్ ఓడలో మిగులుగా ఉన్న దూలాలతోనే కొత్త చుక్కాని చెక్కాడు. ఇనుప పట్టీల కోసం ఊగుతున్న డెక్కు మీదే కొలిమి పెట్టారు. ఒక కెరటానికి కుంపటి బోర్లాపడి నిప్పులు కెప్టెన్ కొడుకు మీద పడ్డాయి. మా తాత ఇంటి వాకిట్లో, కదలని నేల మీద బండిచక్రం బిగించడానికే ఆపసోపాలు పడేవారు! హెండర్సన్‌కు విల్లిస్ 50 పౌండ్ల బహుమానం ఇచ్చాడు. నా దృష్టిలో పందెం గెలిచింది ఆయనే.

లంగరు:
ఏ పందెం అండీ? సూయెజ్ కాలువ 1869 నవంబర్ 17న తెరుచుకుంది, కటీ సార్క్ నీళ్లలో దిగింది అదే నెల 22న. ఆ దగ్గరి దారి ఆవిరి ఓడలకే అనుకూలం కాబట్టి తేయాకు బేరం అప్పటికే వాటి వైపు మళ్లుతోంది. ఈ ఓడ పేరు నిలబెట్టింది ఆస్ట్రేలియా ఉన్ని. 1889లో కెప్టెన్ వుడ్జెట్ చేతిలో బ్రిటానియా అనే ఆవిరి ఓడనే దాటేసింది. దాటించిందెవరు? నావికులు. నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి, మళ్లీ పని. గాలి ముదిరితే అందరినీ పైకి పిలిచేవారు, ఆ విశ్రాంతీ పోయేది. ఓడ స్తంభానికి ఉన్న అడ్డదూలం మీద పొట్ట ఆనించి, కాళ్ల కింద ఒకే ఒక్క తాడుతో, తడిసి బిగిసిన తెరచాపను గోళ్లతో లాగి చుట్టేవారు. వాళ్లకెవరు ఇచ్చారు 50 పౌండ్లు?

తెరచాప:
లంగరు గారూ, అది వేరే చర్చ, విడిగా మొదలుపెట్టండి, వస్తాను. ఇక్కడ మాత్రం 115 కంటే 122 పెద్దదే. అన్నట్టు, ఆ ప్రయాణం ముగియగానే మూడీ కటీ సార్క్‌ను వదిలేశాడు.