తట్టు కేసు పడితే ముందు ఏది: సూదా, రాకపోకలు ఆపుడా?

ఓరుగల్లు గాలి:
జాతరల కాలం, బట్టీల కాలం ఒక్కటే పడుతయి. పెద్దపల్లి, కరీంనగర్ దిక్కు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు పిల్లాజెల్లతో వస్తయి. రెండేండ్లకోసారి మాఘంల మేడారం ఉండనే ఉంది. గప్పుడు తట్టు కేసు పడితే ముందుగాల బడి, సంత, బస్సుల రద్దీ తగ్గియ్యాలంట నేను. సూది పడ్డంక రక్షణ రానీకె రెండు వారాలు. అంతల జబ్బు ఇంకో చుట్టు తిరిగొస్తది.

టీకా పెట్టె:
రెండు వారాల మాట నిజమే అన్నా. కానీ రోగి దగ్గర మెసిలిన పిల్లకు 72 గంటల లోపు ఎంఆర్ (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసే టీకా) సూది పడితే జబ్బు ఆగే అవకాశం ఉంది, వచ్చినా తేలిగ్గా పోతుంది. ఇక రాకపోకల సంగతి. దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే పిల్ల వైరస్ వదులుతుంది. అప్పటికి కనబడేది జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్ర కళ్లు, అంతే. దద్దుర్లు చూసి బడి మూసేసరికి అంటాల్సిన వాళ్లకు అప్పటికే అంటుకుని ఉంటుంది.

లెక్కల బల్ల:
ఎవరికీ రక్షణ లేని చోట ఒక్క తట్టు రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుందని అంచనా. 15 అనుకుందాం. వ్యాప్తి ఆగాలంటే 93 శాతానికి పైగా రక్షణ కావాలి. 9 నెలలకు వేసే మొదటి డోసు సుమారు 85 శాతం మందిలోనే పట్టుకుంటుంది. 95 శాతం పిల్లలకు ఆ ఒక్కటే పడితే రక్షణ 81 శాతం, ఒక్కో రోగి ఇంకా దాదాపు ముగ్గురికి అంటిస్తాడు. రెండు డోసులైతే 97 శాతం మందిలో పట్టుకుంటుంది, అదే 95 శాతం పిల్లలకు రెండూ పడితే ఒక్కో రోగి అంటించేది ఒకరికి కాస్త పైన. 16–24 నెలల రెండో డోసు ఎగ్గొట్టనియ్యొద్దనేది ఇందుకే.

అయితే ఇదంతా అందరూ అందరితో సమానంగా కలుస్తారనుకుని వేసిన లెక్క. వెయ్యి మంది పిల్లల్లో 50 మందికి టీకా లేదు, వాళ్లలో 40 మంది ఒకే బట్టీ గుడిసెల్లో ఉన్నారనుకోండి. కాగితం మీద 95 శాతమే, గుడిసెల మధ్య మాత్రం దాదాపు సున్నా. నేను జిల్లా శాతాన్ని నమ్మను.

బట్టీల దారి:
లెక్కల సారు చెప్పిందే అసలు సంగతి. కార్డు సొంతూర్ల మర్చొచ్చిన పిల్లకు టీకా పడలేదనే అనుకోవాలె. ఐదేండ్ల లోపైతే ఎంఆర్ ఇయ్యాలె, ఇంకో డోసు ఎక్కువ పడ్డా నష్టం లేదు. టీకా పొడిల కలిపే నీళ్లు కూడా ముందే 2–8 డిగ్రీల చల్లగుండాలె. కలిపిన టైం సీసా మీద రాయాలె. నాలుగు గంటలు దాటితే పారెయ్యాలె, ఎందుకంటే అండ్ల సూక్ష్మజీవులు పెరిగితే పిల్ల పాణానికే ముప్పు. ఒక్క పిల్లే ఉందని సీసా తెరువకుండ వాపస్ పోవుడు మాత్రం తప్పు.

ఓరుగల్లు గాలి:
రాకపోకలు ఆపుమనుడు ఇడిసిపెడుత. కానీ 9 నెలలు నిండని పసిపిల్లల సంగతేంది? వాళ్లను గుంపులకు తీస్కపోవద్దనుడు తప్ప ఇంకో తొవ్వ ఉన్నదా?

టీకా పెట్టె:
వాళ్ల విషయంలో మీ మాటే సరి అన్నా, గుంపులకు తేవద్దు. ఇంకో దారీ ఉంది. 2022లో ముంబైలో తట్టు ప్రబలినప్పుడు, 9 నెలల లోపు పిల్లల్లో కేసులు మొత్తంలో 10 శాతం దాటిన చోట 6 నెలల నుంచే ఒక డోసు వేయమని కేంద్రం చెప్పింది. అది లెక్కలోకి రాదు, మామూలు రెండు డోసులూ మళ్లీ వేయాల్సిందే. జబ్బు పడ్డ పిల్లను దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు విడిగా ఉంచాలి. విటమిన్ ఎ వరుసగా రెండు రోజులు: 6–11 నెలలకు లక్ష యూనిట్లు, ఏడాది దాటితే రెండు లక్షలు. కళ్లు పోకుండా కాపాడేది అదే. అన్నా, మీ దిక్కు బట్టీల్లో 9 నెలలు నిండని పిల్లలెందరో ఆశా కార్యకర్తతో రాయించి పెట్టండి, కేసు పడ్డ రోజు వెతుక్కుంటే 72 గంటలు అక్కడే అయిపోతాయి.