జైనులకు పొద్దుగూకేలోపు, రోజా (ఉపవాసం) ఉన్నవాళ్లకు ఆ తర్వాత: ఒకే విందు ఎలా?

రంజాన్‌లో అపార్ట్‌మెంటులో 60 మందికి ఉమ్మడి విందు. మతాన్ని వాదనగా కాక రోజువారీ అలవాటుగా చూస్తే చిక్కులన్నీ వంటింట్లోనే తేలతాయి. శుక్రవారం పెడితే తపస్సుకాలంలో (ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు) కాథలిక్కులు మాంసం ముట్టరు, శనివారం వెంకన్న భక్తులు, కాబట్టి ఆదివారం. జైనులకు ఉల్లి, వెల్లుల్లి, ఆలూ లేని పప్పు. హలీం గరిటె అందులో పడిందా, అంతే సంగతులు! శాకాహారానికి వేరే బల్ల, వేరే గరిటెలు. జెల్లీలో జంతువుల నుంచి తీసే జెలటిన్ గొడవ, అందుకని సేమియా పాయసం.

తేలనిది వేళ. జైనులు సూర్యాస్తమయంలోపే ముగించాలి. రోజా ఉన్నవాళ్లు మగ్రిబ్ అజాన్ (పొద్దుగూకాక వచ్చే నమాజు పిలుపు) దాకా ఖర్జూరం కూడా తినరు. జైనులు తినే మొదటి బంతికి రోజా వాళ్లను వడ్డించమనడం ఇబ్బందేనా? తిన్నవాళ్లు వెళ్లిపోకుండా రెండో బంతి దాకా ఎలా కూర్చోబెట్టారు? ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి.