మాయాబజార్‌లో పాండవులు కనిపించకపోవడం పొరపాటేనా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా బావతో ఓ వాదన ఎంతకీ తెగడం లేదు. 1957 నాటి ‘మాయాబజార్’లో పాండవులు తెర మీద ఒక్కసారి కూడా కనిపించరు కదా! కొడుకు పెళ్లికి అర్జునుడు లేకపోవడం ఏంటి, అది కథలో పెద్ద లోపం అంటాడు బావ. జూదంలో ఓడి అడవుల పాలైనవాళ్లు పెళ్లికెలా వస్తారని నా మాట. పైగా కె.వి.రెడ్డి గారంతటి దర్శకుడు అంత మాట మర్చిపోతారా? ‘మరి అన్నీ నడిపించిన కృష్ణుడు ఓ కబురు పంపలేడా?’ అన్నాడు. అక్కడ ఇరుక్కుపోయాను.

మేం చూసింది 2010లో రంగులద్ది వదిలిన ప్రింట్. పాత నలుపు తెలుపు సినిమాలో, ఆశ్రమంలో పెళ్లి దగ్గర పాండవుల గురించి డైలాగేమైనా ఉందా? గుర్తున్నవాళ్లు ఏ సీనో, ఎవరి నోట వస్తుందో చెప్పండి. ఓడినవాళ్లు ఆర్కే బీచ్‌లో అందరికీ మురీ మిక్చర్ కొనాలని పందెం. మా పిల్లలు ఇప్పటికే బావ వైపు చేరిపోయారు, కొంచెం త్వరగా చెప్పండి.