మిక్సీ శ్రుతి చెప్పే పిల్లవాడు: ఆటిజం ఉన్న పిల్లలకు సంగీతం నేర్పించినవాళ్లు ఉన్నారా?

బుజ్జిగాడి అమ్మ
మా బాబుకు 8 ఏళ్లు. మూడో ఏట ఆటిజం అని తేలింది. మాటల్లో "అమ్మా నీళ్లు కావాలి" దాకా వచ్చాం. చెవి మాత్రం అసాధారణం. మిక్సీ తిప్పగానే "ప" అంటాడు, పరుగున వెళ్లి కీబోర్డు మీద అదే మెట్టు నొక్కి చూపిస్తాడు. సంగీతంలో చేర్పిస్తే తొలి పాఠాలైన సరళీ వరుసలు వారంలో అప్పజెప్పాడు. రెండో నెలలో ఒకరోజు చెవులు మూసుకుని కేకలు పెట్టాడు, మర్నాడు గుమ్మమే ఎక్కలేదు. మాస్టారు "ఇక వద్దులెండి" అన్నారు. మూడు సందేహాలు. ఓపికగా నేర్పేవాళ్లు ఎలా దొరుకుతారు? సంగీతం కోసం స్పీచ్ థెరపీ వారానికి మూడు నుంచి రెండుకు తగ్గించవచ్చా? సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తీసుకోలేదు, ఇప్పుడైనా తీసుకోవాలా?

రైలు నాన్న
అమ్మా, ముందు ఒక మాట. చుట్టాలకు చెప్పకండి. మావాడికి 14. ఏ తేదీ చెప్పినా అది ఏ వారమో చెబుతాడు, సికింద్రాబాద్ నుంచి బయలుదేరే రైళ్ల వేళలు నోటికి వచ్చు. మా మరదలి పెళ్లిలో పాతికమంది చుట్టూ చేరి "నా పుట్టినరోజు చెప్పు, మా పెళ్లిరోజు చెప్పు" అని పట్టుకున్నారు. మొదట బాగానే చెప్పాడు. భోజనాల వేళకు గోడకు తల బాదుకుంటున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తేదీలు అడగడం నిషేధం. దేవుడు ఒకటి తీసుకుంటే ఒకటి ఇస్తాడు, ఇచ్చినదాన్ని చుట్టాలు పీక్కుతింటారు.

వీణ టీచర్
22 ఏళ్లుగా నేర్పుతున్నాను కాబట్టి చెబుతున్నాను. షడ్జమం, అంటే "స", ఎక్కడ పెట్టారో తెలియకుండా మిక్సీ "ప"లో ఉందనడానికి అర్థమే లేదు. ముందు దాన్ని సరిచేయండి, ప్రతిభ సంగతి తర్వాత.

బుజ్జిగాడి అమ్మ
కీబోర్డులో "సీ" మెట్టు వాడికి "స" అండీ. యాప్‌లో అలా నేర్చుకున్నాడు.

ఆర్కెస్ట్రా కీబోర్డు
దొరికింది! వాడికి "స" అంటే ఒకటో శ్రుతి, అంటే ఆ "సీ" మెట్టే, ఎప్పటికీ అదే. కొందరి చెవి అంతే, ఆటిజం ఉన్నవాళ్లలో ఇది మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి పిల్లవాడి ముందు శ్రుతి పెట్టె అరమెట్టు పైకి, ఒకటిన్నరకు తిప్పి "స" పాడమంటే, ఎర్ర చొక్కా చూపించి ఆకుపచ్చ అనమన్నట్టే. మాస్టారిని అడగండి, ఆ రోజు శ్రుతి మార్చి ఉంటారు.

వీణ టీచర్
షడ్జమం కదలడమే మన పద్ధతి. మగవాళ్లు ఒకటిలో, ఆడవాళ్లు ఐదున్నరలో పాడుతుంటే ఇద్దరిలో ఒకరు తప్పా? సినిమా పాటలు వాయించేవారికి ఇది తెలియకపోవచ్చు.

ఆర్కెస్ట్రా కీబోర్డు
ఒక్క సాయంత్రంలో పది శ్రుతులు మారుస్తామండీ మేము. తెలియకపోవడమేమిటి? తప్పు మీ పద్ధతిది అనలేదు. ఆ చెవికి అది నొప్పి అన్నాను. 22 ఏళ్లలో అలాంటి పిల్లవాడు ఒక్కడూ తగలలేదా, తగిలినా "ఇక వద్దులెండి" అన్నారా?

వీణ టీచర్
మాటలు అదుపులో పెట్టుకోండి.

ఉత్త పిల్ల తల్లి
"దేవుడు ఒకటి తీసుకుంటే ఒకటి ఇస్తాడు" అన్నవారికి దండం. మా అమ్మాయికి 11. పాట రాదు, లెక్క రాదు, బొమ్మ రాదు. పోయిన నెల చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంది, కింది నుంచి మొదలుపెట్టి, పైదాకా, 20 నిమిషాలు. ఆటిజం అనగానే ఎదుటివాళ్ల తర్వాతి ప్రశ్న "ఇంతకీ ఏం టాలెంటు?". ఏమీ లేదంటే మేమే సరిగ్గా వెతకలేదన్నట్టు చూస్తారు. మీ మిక్సీలూ శ్రుతులూ మీ దగ్గరే పెట్టుకోండి.

రైలు నాన్న
అమ్మా, తప్పయింది. నోటివెంట వచ్చేసింది.

లెక్క తప్పనివాడు
ఆటిజం ఉన్న "పదిమందిలో ఒకరికి" ఇలాంటి ప్రతిభ ఉంటుందని అందరూ చెప్పుకునేది అమెరికా మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1978లో తల్లిదండ్రులను అడిగి రాబట్టిన సంఖ్య. ఆ లెక్కనైనా తొమ్మిదిమందికి లేదనే కదా. ఆటిజం, అద్భుత జ్ఞాపకశక్తి రెండూ ఉన్న మనిషి కథగా 1988లో వచ్చిన రెయిన్ మ్యాన్ సినిమాకు స్ఫూర్తి అయిన కిమ్ పీక్‌ది ఆటిజం కాదని తర్వాత తేల్చారు. ఆయన మెదడులో రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసం పుట్టుకతోనే లేదు.

పద్యాల పిల్లవాడు
నాకు 29. ఆటిజం నాకే ఉంది. ఆరేళ్లకు వేమన పద్యాలు వందకు పైగా అప్పజెప్పేవాణ్ణి. ఒక్కదానికీ అర్థం తెలియదు. ప్రతి వార్షికోత్సవానికీ జరీ పంచె కట్టి మైకు ముందు నిలబెట్టేవారు. ఒకసారి పద్యం మధ్యలో పంచె తడిసిపోయింది. "బాత్రూముకు వెళ్లాలి" అనే మాట నాకు రాదు. పద్యాలు వచ్చు కదా, మాటలు వాటంతట అవే వస్తాయని మా నాన్న స్పీచ్ థెరపీ మాన్పించారు. రెండో ప్రశ్నకు నా జవాబు అది.

బుజ్జిగాడి అమ్మ
చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. తగ్గించను.
మాస్టారికి ఫోను చేశాను. ఆ రోజు ఆయనకు జలుబు, గొంతు లేవక శ్రుతి అరమెట్టు దించారట. "దానికే అంత గొడవా?" అన్నారు.

ఆర్కెస్ట్రా కీబోర్డు
చెప్పానా!

వీణ టీచర్
చెప్పారు, సంతోషించండి. అమ్మా, మాస్టారి కోసం వెతకడం ఆపి, నేర్పగలిగే తీరు చూసుకోండి. మొదటి ఏడాది శ్రుతి కదల్చవద్దు. పాఠం 15 నిమిషాలు దాటవద్దు, ఎప్పుడూ ఒకే వరుసతో ముగించండి, అయిపోయిందని వాడికి తెలుస్తుంది. శ్రుతి మార్చాల్సి వస్తే "స, రి" అనకుండా "ఆ" అని అకారంలో పాడించండి. పేరు లేకపోతే తగాదా లేదు. నా దగ్గర ఒక అమ్మాయి అలాగే నేర్చుకుంది. అవునండీ కీబోర్డు గారూ, తగిలింది, వద్దనలేదు.

లెక్క తప్పనివాడు
మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. తీసుకోండి. వైకల్యం 40 శాతం, ఆపైన అని రాస్తే చాలా సదుపాయాలు వర్తిస్తాయి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వీటికి ఆ సర్టిఫికెట్ ఆధారం. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా 1 లక్ష రూపాయల దాకా ఉంటుంది, అందులో థెరపీలూ వస్తాయి. సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చూసే రోజున బాబు వేదిక మీద లాగా బాగా చేస్తే శాతం తగ్గుతుందేమో అని మాత్రం భయపడకండి, అంత భయమైతే కీబోర్డు ఇంట్లో వదిలి వెళ్లండి.

ఉత్త పిల్ల తల్లి
ఆ బీమాకు మేము కట్టాం. బిల్లులన్నీ దాచుకోండి, ఒక్కటి పోయినా డబ్బు రాదు. మేము రెండు పోగొట్టుకున్నాం.

వీణ టీచర్
ఇప్పుడే పచ్చడి రుబ్బుతూ శ్రుతి చూపే ట్యూనరు పెట్టి చూశాను. మా మిక్సీ ఐదు శ్రుతికి ఒక్క పిసరు పైన తిరుగుతోంది. ఒకటిలో "స" పెడితే "ప"యే. మీవాడితో చెప్పండి.