రోజూ దగ్గర ఉంచుకోవడానికి గ్లాక్ 19 పిస్టల్ తీసుకోనా, ఇంకా చిన్నదా? (ఇర్వింగ్, టెక్సస్)

తెనాలి_ఇర్వింగ్:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఇర్వింగ్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డు వచ్చి ఏడు నెలలైంది. పగలు ఐటీ ఉద్యోగం. దాంతోపాటు ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చిన్న ఇండియన్ గ్రోసరీ షాపులో వాటా ఉంది. శుక్ర, శనివారాలు రాత్రి షాపు కట్టేసి, గల్లాపెట్టెలో డబ్బు ఇంటికి తెచ్చేది నేనే.

మూడు వారాల క్రితం పదీ పావుకి తాళం వేసి బయల్దేరాను. పార్కింగ్‌లో లైట్లు ఆర్పి ఉన్న కారొకటి నా వెనకే కదిలింది. రెండు సిగ్నళ్ళు దాటాక కావాలనే పెట్రోలు బంకులోకి తిప్పాను. అదీ తిరిగింది. లోపలికెళ్ళి అరగంట కూర్చున్నాక వెళ్ళిపోయింది. జరిగింది అంతే. కానీ ఇంటికొచ్చాక తాళం చెవి తలుపు కన్నంలో పెట్టడానికి నాకు మూడుసార్లు పట్టింది. మా ఆవిడకి చెప్పలేదు, చెప్తే షాపే వద్దంటుంది.

పోయిన ఆదివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి గ్లాక్ 19 అద్దెకి తీసుకుని కాల్చి చూశాను. చేతికి బాగా కుదిరింది. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉన్న మా బావమరిది మా ఇంట్లోనే ఉంటాడు, వాడూ వచ్చాడు. వాడు ఇరవై రౌండ్లు కాల్చి నాకంటే బాగా కొట్టాడు.

అనుకుంటున్నదేమిటంటే, ఒకటి కొని శుక్ర, శనివారాలు నా ఒంటిమీద ఉంచుకోవడం. మిగతా రోజుల్లో షాపులో కౌంటర్ కింద సొరుగులో ఉంటే ఆ పూట ఎవరుంటే వాళ్ళకి పనికొస్తుంది. ఇంటికి తెచ్చినప్పుడు బట్టల అలమరలో పై అరలో పెడతాను, బాబుకి ఆరేళ్ళు, అందదు. టెక్సస్‌లో లైసెన్సు కూడా అక్కర్లేదంటున్నారు కదా.

అడగాల్సినవి: గ్లాక్ 19 మేలా, సిగ్ పీ365 లాంటి చిన్నది మేలా? తూటా చాంబర్‌లో (ట్రిగ్గర్ నొక్కగానే పేలేలా గొట్టం మొదట్లో) ఉంచి తిరగాలా, ఖాళీగానా? క్లాసు అవసరమా?

ప్లానో_పప్పుచారు:

గ్లాక్ 19 కళ్ళు మూసుకుని తీసుకోండి బ్రదర్. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు దాటినవాళ్ళకి టెక్సస్‌లో లైసెన్సు లేకుండానే క్యారీ చెయ్యొచ్చు. క్లాసులకి పెట్టే డబ్బుతో తూటాలు కొనుక్కోండి. నేను రెండేళ్ళుగా కారు గ్లవ్‌బాక్సులో పడేశాను, ఏ టెన్షనూ లేదు.

కేటీ_మాస్టారు:

తమ్ముడూ, నా వయసు 58, అందుకే నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. మాది నరసరావుపేట, 1998లో వచ్చాను. పదకొండేళ్ళుగా నా నడుముకి పిస్టల్ ఉంటోంది. ఏ మోడల్ అన్నది చివర్లో చూద్దాం. నువ్వు మామూలుగా అనేసిన రెండు ముక్కలు చదివి నా కాఫీ చల్లారిపోయింది.

మొదటిది మీ బావమరిది. ఓపీటీ అంటే ఎఫ్1 వీసానే. ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకి గానీ, ఒక్క తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం. మనవాళ్ళకి వర్తించే మినహాయింపు ప్రధానంగా ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు గడువు తీరకుండా దగ్గర ఉండాలి. గడువు తీరిన మర్నాటి నుంచి మళ్ళీ నేరమే. రేంజ్‌లో అద్దె గన్‌తో సరదాకి కాల్చినా ఇదే లెక్క. మన కుర్రాళ్ళు రేంజ్‌లో గన్ పట్టుకుని ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టడం చూస్తే, వీళ్ళకి ఎవరూ చెప్పలేదా అనిపిస్తుంది. అతన్ని ఇక తీసుకెళ్ళకు. ఒకసారి ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడమను.

ఇప్పుడు నీ అలమర సంగతి. తుపాకి కొన్నది నువ్వే కావచ్చు. కానీ అదే ఇంట్లో ఉంటూ అతను చెయ్యి చాస్తే అందేలా ఉంటే, అది అతని స్వాధీనంలో కూడా ఉన్నట్టే అని వాదించడానికి నువ్వే దారి ఇచ్చినట్టు. కౌంటర్ కింద సొరుగూ అంతే. ఆ పూట కౌంటర్‌లో ఎవరుంటారు? వాళ్ళది ఏ వీసా? తెలిసి తెలిసి అలాంటివాళ్ళ చేతికి ఇస్తే ఇచ్చినవాడిదీ నేరమే. పైగా నీది గ్రీన్‌కార్డు. తుపాకి నేరంలో శిక్ష పడితే, పౌరసత్వం ఉన్నవాడికి కేసుతో పోయేది నీకు దేశం విడిచి వెళ్ళేదాకా రావచ్చు. సొరుగు ఆలోచన మానెయ్.

రెండోది బాబు. ఆరేళ్ళ పిల్లాడికి కుర్చీ లాక్కోవడం వచ్చు. మా పెద్దాడు అయిదేళ్ళప్పుడు ఫ్రిజ్ మీద దాచిన సున్నుండల డబ్బా దించాడు, ఎలా ఎక్కాడో ఇప్పటికీ తెలీదు. లోడ్ చేసిన తుపాకి అందేలా వదిలేసి, అది 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో నీ మీదే కేసు. పిల్లాడు పేల్చి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కేసు ఇంకా పెద్దదవుతుంది. పిస్టల్ కన్నా ముందు చిన్న ఉక్కు పెట్టె కొను. బటన్లు నొక్కితే క్షణంలో తెరుచుకునేది, మంచానికో గోడకో బోల్టులతో బిగించేది. కోడ్ బావమరిదికి తెలియకూడదు. కొడుకు పుట్టినరోజు కోడ్‌గా పెట్టకు, అందరూ మొదట నొక్కేది అదే.

పప్పుచారు గారూ, మీ గ్లవ్‌బాక్సు ముచ్చట గురించి ఒక మాట. ఈ రాష్ట్రంలో దొంగలు కారు అద్దాలు పగలగొట్టేది మీలాంటివాళ్ళ కోసమే.

లైసెన్సు అక్కర్లేదన్న మాట నిజమే, కానీ సగమే. స్కూలు ఆవరణకి 1000 అడుగుల లోపు తుపాకితో ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ స్కూలున్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాడికి మినహాయింపు ఉంది, లైసెన్సు లేకుండా తిరిగేవాడికి లేదు. ఇర్వింగ్‌లో రోడ్డు మీద వెళ్తూ ఏ స్కూలుకీ దగ్గరగా రాకుండా ఇల్లు చేరగలవా? ఎల్‌టీసీ (టెక్సస్ ఇచ్చే క్యారీ లైసెన్సు) ఫీజు 40 డాలర్లు, క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు, చివర 50 రౌండ్లు 3, 7, 15 గజాల నుంచి కాల్చాలి. నేను వెళ్ళింది కాల్చడం నేర్చుకోవడానికి కాదు, ఎప్పుడు కాల్చకూడదో వినడానికి. మాకు చెప్పినాయన రిటైర్డ్ పోలీసు. ఆరు గంటల్లో నాలుగున్నర గంటలు ఆ ముక్కే చెప్పాడు.

నువ్వు డబ్బు సంచి గురించి రాశావు కాబట్టి చెప్తున్నా. ఆస్తి కాపాడుకునే విషయంలో, అందులోనూ రాత్రిపూట, టెక్సస్ చట్టం చాలా రాష్ట్రాల కన్నా వెసులుబాటు ఇస్తుంది. దాన్ని నమ్ముకుని సంచి కోసం కాల్చకు. సంచి ఇచ్చెయ్. కాల్చాక నీ కేసు గ్రాండ్ జ్యూరీ (నేరం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందుకి వెళ్తుంది, లాయరు ఫీజు ఆ సంచికి ఎన్ని రెట్లో ఊహించుకో. ఆ రాత్రి నువ్వు బంకులోకి తిప్పి జనంలో కూర్చున్నావే, అంతకన్నా మంచి పని పిస్టల్ ఉన్నా చెయ్యలేవు.

ఇక మొయ్యడం. గ్లాక్ 19లో 15 రౌండ్లు పడతాయి, నిండా ఉంటే 850 గ్రాముల పైమాటే. షాపులో చేతిలో పట్టుకుంటే ఏమీ అనిపించదు. ప్యాంటు లోపల పెట్టుకుని ఒక రోజు కారు నడుపు, బెండకాయలు ఏరడానికి వంగు, గుడిలో బాసిపట్లు వేసుకుని కూర్చో. నేను మొదట 19తోనే మొదలుపెట్టాను. మామూలు తోలు బెల్టు రెండు వారాల్లో వేలాడిపోయింది. తర్వాత గట్టి గన్ బెల్టు. తర్వాత హోల్‌స్టర్లు (పిస్టల్ పెట్టుకునే తొడుగులు), ఇప్పుడు నా సొరుగులో తొమ్మిదున్నాయి, పనికొచ్చింది రెండు. పొట్ట ముందుభాగంలో పెట్టుకునే పద్ధతి కుర్రాళ్ళు మెచ్చుకుంటారు. నా పొట్టతో కూర్చుంటే పిడి పక్కటెముకలకి పొడుచుకునేది, అందుకని కుడి తుంటి వెనక్కి మార్చాను. నాలుగేళ్ళ తర్వాత పీ365కి దిగాను. ఖాళీగా అర కిలో, మ్యాగజైన్‌లో (తూటాలు పెట్టే డబ్బాలో) 10 రౌండ్లు. హ్యూస్టన్ ఎండల్లో పల్చటి చొక్కా కింద అదే దాగుతుంది. కానీ గొట్టం పొట్టి, ఒళ్ళు తేలిక, కాలిస్తే చేతిని ఎక్కువ తన్నుతుంది. కొత్తవాడికి 19తో గురి తొందరగా కుదురుతుంది. కాబట్టి నేర్చుకోవడానికి 19 మేలు, ఇంట్లో వదిలెయ్యకుండా రోజూ పెట్టుకోవడానికి చిన్నదే మేలు. రెండింటి మధ్యా గ్లాక్ 43ఎక్స్ ఉంది, నీ చెయ్యి ఎంతో నాకు తెలీదు కాబట్టి అద్దెకి తీసుకుని చూడు.

పెళ్ళికి పంచె కట్టిన రోజు మాత్రం నాది ఉక్కు పెట్టెలోనే. పంచెకి హోల్‌స్టర్ ఇంకా ఎవడూ కనిపెట్టలేదు.

చాంబర్ సంగతి. నేను లోడ్ చేసే ఉంచుతాను, ఎందుకంటే కంగారులో రెండు చేతులతో స్లైడ్ (పిస్టల్ మీద జరిగే పైభాగం) లాగే వ్యవధి దొరక్కపోవచ్చు. కానీ మొదటి రోజు నుంచే అలా చెయ్యమనను. గ్లాక్‌కి బయట సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ నొక్కుకుంటే పేలుతుంది, నొక్కింది వేలా, చొక్కా అంచా అని చూడదు. అందుకే ట్రిగ్గర్ పూర్తిగా మూసే గట్టి కైడెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) హోల్‌స్టర్ కావాలి. సంతలో దొరికే మెత్తటి గుడ్డ తొడుగులు వద్దు. పిస్టల్ లోపల పెట్టేటప్పుడు చొక్కా పైకెత్తి, కళ్ళతో చూస్తూ నెమ్మదిగా పెట్టు. రెండు నెలలు ఖాళీ చాంబర్‌తో ఇంట్లో తిరుగు. రోజు చివర ట్రిగ్గర్ ఒక్కసారైనా దానంతటదే పడిందేమో చూసుకో. పడలేదంటే నీ హోల్‌స్టర్ మీద నమ్మకం కుదురుతుంది. శుభ్రం చేసేముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, చాంబర్‌లో వేలు పెట్టి చూడు. గ్లాక్ విడదియ్యాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే, చాంబర్‌లో మరిచిపోయిన ఒక్క తూటా అక్కడే ప్రాణం తీస్తుంది.

బాత్రూం గురించి ఎవరూ చెప్పరు. బయటి బాత్రూంలో పిస్టల్ తీసి ట్యాంకు మీద పెట్టి మరిచిపోయి వచ్చినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు. హోల్‌స్టర్‌లోంచి తియ్యకు, ప్యాంటులోనే మోకాళ్ళ దగ్గర ఉండనీ.

ఫ్రిస్కో_వదిన:

మాస్టారు గారు చెప్పినవన్నీ సరే. నేను ఒక్కటే చెప్తాను. మీ ఆవిడకి చెప్పకుండా కొనకండి.

మా ఇంట్లోనూ ఉంది. రెండేళ్ళ క్రితం మా ఆయన ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు మనిషి మాట తగ్గింది, రాత్రి రెండింటికి హాల్లో చీకట్లో కూర్చునేవారు. ఒక రోజు పొద్దున కాఫీ ఇస్తూ, దాన్ని కొన్నాళ్ళు మా అన్నయ్య దగ్గర పెడదామా అన్నాను. కోప్పడతారనుకున్నా. కాసేపు నావైపు చూసి, ఇవాళే తీసుకెళ్ళమను అన్నారు. అన్నయ్య సిటిజన్ కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఉద్యోగం వచ్చాక కూడా ఆరు నెలలు తెచ్చుకోలేదు.

ఈ దేశంలో తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. కొనేటప్పుడు అందరూ ఆ వెనకొచ్చిన కారు గురించే ఆలోచిస్తారు. ఇంట్లో ఉందని నాకు తెలుసు కాబట్టి నేను అడగగలిగాను.

కడప_సీమబిడ్డ:

మీ బాధలు మీవి. మా నాన్నకి .32 రివాల్వర్ లైసెన్సు ఉండేది. ఇక్కడ 9 ఎంఎం మామూలు జనానికి ఇవ్వరు. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఆయన దాన్ని కాల్చింది మొత్తం మీద పది సార్లు కూడా ఉండదు, స్టేషన్ మెట్లు ఎక్కింది మాత్రం లెక్కలేనన్ని సార్లు. పోయాక దాన్ని అప్పగించడానికి నేను ఇంకా ఎక్కాను. ఇండియాకి వచ్చేటప్పుడు బ్యాగులో తూటా ఒక్కటైనా మిగిలిందేమో అడుగుతో సహా చూసుకోండి సార్. ఎయిర్‌పోర్టులో దొరికితే ఆర్మ్స్ యాక్ట్ కిందకి పోతుంది.

తెనాలి_ఇర్వింగ్:

మాస్టారూ, నిన్న రాత్రి మా ఆవిడకి చెప్పేశాను. కారు వెంబడించిన సంగతి ముందు చెప్పాను. మూడు వారాలు దాచానని అరగంట తిట్టింది, గన్ మాట ఎత్తినప్పుడు మాత్రం తిట్టలేదు. వదిన గారి పోస్టు తనతో చదివించాను.

బావమరిదికి రేంజ్ సంగతి చెప్తే మొహం పాలిపోయింది. ఫొటో పెట్టలేదట, అమ్మకి వాట్సాప్‌లో పంపాడట. లాయరు అపాయింట్‌మెంట్ గురువారం. పై నెల వాడు ఎలాగూ ఫ్రెండ్స్‌తో అపార్ట్‌మెంట్‌కి మారుతున్నాడు, అప్పటిదాకా నేను ఏమీ కొనడం లేదు. క్లాసుకి మాత్రం శనివారానికి పేరు ఇచ్చాను. శుక్ర, శనివారాల డబ్బు షాపులోనే బోల్టు వేసిన పెట్టెలో ఉంచి, పగలు బ్యాంకులో వేద్దామని పార్ట్‌నర్లు ఒప్పుకున్నారు. కౌంటర్ సొరుగు ప్లాన్ వాళ్ళకి అసలు చెప్పనే లేదు. ఒకాయన హెచ్1బీ.

మా ఆవిడ ప్రశ్న ఒకటుంది: గుడికి వెళ్ళినప్పుడు దాన్ని ఎక్కడ పెడతావు?

కేటీ_మాస్టారు:

గుడి తలుపు దగ్గర 30.06 బోర్డు (ఆ నంబరు చట్టం కింద తుపాకి తేవద్దని పెట్టేది) ఉందేమో ముందు చూడు. అది ఉంటే లైసెన్సున్నా లోపలికి తీసుకెళ్ళకూడదు. మా గుడి దగ్గర ఉంది. కారులో సీటు కింద చిన్న ఉక్కు పెట్టె, దాన్ని సీటు కడ్డీకి కేబుల్‌తో కట్టి తాళం వేస్తాను. ఇంట్లో బయల్దేరే ముందే అందులో పెట్టెయ్, పార్కింగ్‌లో నడుములోంచి తీస్తూ జనానికి కనిపించకు. అమ్మాయిని అడిగానని చెప్పు.